ఏటా ఏప్రిల్ గండం: క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ డ్రాఫ్ట్ చరిత్ర

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటలు సెప్టెంబరులో మొదలవుతాయి. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అభిమానికి మాత్రం గుండెదడ ఏప్రిల్ నెలాఖరులోనే పట్టుకుంటుంది. కాలేజీ ఆట ముగించిన కుర్రాళ్లను లీగ్‌లోని 32 జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ జరిగేది అప్పుడే. ఐపీఎల్ వేలంలో పర్సు నిండుగా ఉన్నవాళ్లు పాట పెంచుకుంటూ పోతారు. డ్రాఫ్ట్‌లో పాట ఉండదు, వరస ఉంటుంది. కిందటి సీజన్‌లో అందరికంటే ఎక్కువగా ఓడిన జట్టుకు మొదటి వంతు, కప్పు గెలిచిన జట్టుకు చివరి వంతు. ఇలా ఏడు రౌండ్లు. ఏ వంతునైనా మరో జట్టుకు ఇచ్చేసి, బదులుగా వేరే వంతులనో, ఆటగాణ్నో, రాబోయే ఏళ్ల వంతులనో పుచ్చుకోవచ్చు. ఓడినవాళ్లకు ఆశను పరిహారంగా ఇచ్చే ఏర్పాటు ఇది. బ్రౌన్స్‌కు ఆ పరిహారం దండిగానే అందింది. అందింది కాబట్టే బాధంతా.

ఈ పద్ధతికి ఆద్యుడు బెర్ట్ బెల్. ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని. 1930లలో పేరున్న కాలేజీ ఆటగాళ్లంతా డబ్బున్న న్యూయార్క్, షికాగో జట్లకే వెళ్లిపోతుంటే, ఓడే జట్లు ఓడుతూనే ఉండేవి. ఆయన జట్టు ఆ ఓడే జట్లలో ఒకటి. బలహీనులకు ముందు వంతు ఇవ్వాలని 1935లో బెల్ ప్రతిపాదించగా మిగతా యజమానులు ఒప్పుకున్నారు. 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్-కార్ల్‌టన్ హోటల్లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. తొమ్మిది జట్లు, తొమ్మిది రౌండ్లు, 81 మంది ఆటగాళ్లు. మొదటి వంతు ఈగల్స్‌దే. వాళ్లు షికాగో విశ్వవిద్యాలయం కుర్రాడు జే బెర్వాంగర్‌ను ఎంచుకున్నారు. అంతకు కొన్ని నెలల ముందే కాలేజీ ఆటగాళ్లకిచ్చే హైస్‌మన్ ట్రోఫీని మొట్టమొదట అందుకున్నవాడు అతను. అడిగిన జీతం ఈగల్స్‌కు కుదరక అతని హక్కులను షికాగో బేర్స్‌కు మార్చేశారు. అక్కడా బేరం తెగలేదు. చివరికి అతను వృత్తి ఫుట్‌బాల్ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఫోమ్ రబ్బరు వ్యాపారంలో స్థిరపడ్డాడు. డ్రాఫ్ట్ చరిత్రలో మొదటి పేరే వృథా అయింది.

క్లీవ్‌లాండ్ ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న పాత ఉక్కు నగరం. 1978 నుంచి జరుగుతున్న త్యాగరాజ ఆరాధన వల్ల కర్ణాటక సంగీతాభిమానులకు ఈ పేరు పరిచయమే. ఆ ఉత్సవాలు జరిగే వసంతకాలంలోనే ఊళ్లో మిగతా జనం డ్రాఫ్ట్ లెక్కల్లో మునిగి ఉంటారు. బ్రౌన్స్ జట్టు 1946లో, ఎన్‌ఎఫ్‌ఎల్‌కు పోటీగా పుట్టిన మరో లీగ్‌లో మొదలైంది. మొదటి కోచ్ పాల్ బ్రౌన్ పేరే జట్టు పేరయింది. ఆ లీగ్ నడిచిన నాలుగేళ్లూ కప్పు వాళ్లదే. 1950లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చేరి, చేరిన ఏడాదే అక్కడా గెలిచారు. 1954, 1955లలో మళ్లీ గెలిచారు. ఈ విజయాలన్నిటికీ ఇరుసు క్వార్టర్‌బ్యాక్ ఆటో గ్రాహం. బంతిని అందుకుని, ఎవరికి విసరాలో, ఎవరి చేతికి అందించాలో రెండు మూడు సెకన్లలో తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్. ఈ ఆటలో జట్టు తలరాత చాలావరకు అతని చేతిలోనే ఉంటుంది. గ్రాహంను 1944 డ్రాఫ్ట్‌లో ఎంచుకున్నది డెట్రాయిట్ జట్టు. అతను మాత్రం పాల్ బ్రౌన్ పిలుపు మీద క్లీవ్‌లాండ్ వచ్చాడు. అంటే ఈ జట్టు చరిత్రలో అందరికంటే గొప్ప క్వార్టర్‌బ్యాక్ డ్రాఫ్ట్ ద్వారా దొరికినవాడు కాదు.

గ్రాహం 1955 సీజన్‌తో విరమించాడు. క్లీవ్‌లాండ్ వెతుకులాట అప్పుడే మొదలైంది. 1957 డ్రాఫ్ట్‌లో పాల్ బ్రౌన్ కన్ను క్వార్టర్‌బ్యాక్‌ల మీదే ఉంది. జాన్ బ్రోడీని శాన్‌ఫ్రాన్సిస్కో మూడో వంతులో పట్టుకుపోయింది. లెన్ డాసన్‌ను పిట్స్‌బర్గ్ ఐదో వంతులో తీసుకుంది. ఆరో వంతు బ్రౌన్స్‌ది. అనుకున్నవాళ్లు చేజారారు కాబట్టి సిరక్యూస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రన్నింగ్ బ్యాక్‌ను, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ని, తీసుకున్నారు. అతని పేరు జిమ్ బ్రౌన్. తొమ్మిది సీజన్లలో ఎనిమిదిసార్లు పరుగు గజాల్లో లీగ్ మొత్తానికీ ముందు నిలిచి, 12,312 గజాలతో రికార్డు నెలకొల్పి, 1966లో ఇంకా ఒంట్లో సత్తువ ఉండగానే ఆట మానేశాడు. ఫుట్‌బాల్ ఆడినవారందరిలోకీ అతనే గొప్ప అనేవారు ఇప్పటికీ ఉన్నారు. డాసన్ సంగతీ ఇక్కడే చెప్పాలి. 1960లో అతను ఎలాగూ క్లీవ్‌లాండ్‌కే వచ్చాడు. రెండేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టి పంపేశారు. 1970 జనవరిలో కాన్సస్ సిటీ తరఫున సూపర్ బౌల్ అనే తుది పోరు గెలిచి, ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు.

తర్వాతి కథ విషాదం. 1961లో హైస్‌మన్ ట్రోఫీ అందుకున్న మొదటి నల్లజాతి ఆటగాడు ఎర్నీ డేవిస్. జిమ్ బ్రౌన్ చదివిన సిరక్యూస్‌లోనే చదివాడు. అతని కోసం బ్రౌన్స్ తమ మేటి ఆటగాడు బాబీ మిచెల్‌ను, మరో మొదటి రౌండ్ ఎంపికను వాషింగ్టన్‌కు ఇచ్చి, ఆ జట్టు 1962 మొదటి వంతులో ఎంచుకున్న అతని హక్కులను తెచ్చుకుంది. ఆ వేసవిలోనే డేవిస్‌కు రక్త క్యాన్సర్ అని తేలింది. 1963 మే 18న, 23 ఏళ్ల వయసులో చనిపోయాడు. బ్రౌన్స్ తరఫున ఒక్క ఆట ఆడకపోయినా అతని 45వ నంబరు చొక్కాను జట్టు మరెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. మిచెల్ వాషింగ్టన్‌లో రాణించి, ఆటలోని దిగ్గజాలకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. డేవిస్‌ను ఒక్కసారైనా మైదానంలో దింపాలా వద్దా అన్న విషయంలో యజమాని ఆర్ట్ మోడెల్‌కూ పాల్ బ్రౌన్‌కూ పడలేదు. 1963 జనవరిలో జట్టుకు పేరిచ్చిన కోచ్‌నే మోడెల్ తీసేశాడు.

1964 డ్రాఫ్ట్ మాత్రం పంట పండింది. మొదటి రౌండ్‌లో పాల్ వార్‌ఫీల్డ్, ఎనిమిదో రౌండ్‌లో లెరోయ్ కెల్లీ. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లే. ఆ డిసెంబరులో బాల్టిమోర్ కోల్ట్స్‌ను 27–0తో ఓడించి కప్పు తెచ్చారు. క్లీవ్‌లాండ్ గెలిచిన ఆఖరి ఫుట్‌బాల్ కప్పు అదే. సూపర్ బౌల్ అనేది మొదలయ్యాక బ్రౌన్స్ అందులో ఒక్కసారి కూడా ఆడలేదు.

1970 జనవరిలో, డ్రాఫ్ట్ రేపనగా, అదే వార్‌ఫీల్డ్‌ను మయామీకి ఇచ్చి మూడో వంతు తెచ్చుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ కోసమే. ఎంచుకున్నది పర్‌డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన మైక్ ఫిప్స్‌ను. అదే డ్రాఫ్ట్‌లో మొదటి వంతున్న పిట్స్‌బర్గ్ టెర్రీ బ్రాడ్‌షాను తీసుకుని, ఆ దశాబ్దంలో నాలుగు సూపర్ బౌల్స్ గెలిచింది. వార్‌ఫీల్డ్ మయామీలో రెండు గెలిచాడు. 1972లో ఒక్క ఓటమి లేకుండా సీజన్ ముగించిన జట్టులో అతనూ ఉన్నాడు. ఫిప్స్ క్లీవ్‌లాండ్‌లో పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ పాస్‌లు 40 వేశాడు, 81 సార్లు బంతిని ప్రత్యర్థుల చేతుల్లోకి విసిరాడు. బ్రౌన్స్ అభిమాని భయానికి మూస ఇక్కడే తయారైంది. తీసుకున్నవాడు పనికిరాకపోతే ఒక బాధ. వదులుకున్నవాడు మరోచోట వెలిగితే, అదీ పొరుగున ఉన్న పిట్స్‌బర్గ్ లాభపడితే, ఆ బాధ రెండింతలు. ఫిప్స్ స్థానంలోకి వచ్చి 1980లో లీగ్ ఉత్తమ ఆటగాడైన బ్రయాన్ సైప్ 1972లో పదమూడో రౌండ్‌లో, ఎవరూ పట్టించుకోని చోట దొరికినవాడు.

1985లో ఒక మినహాయింపు. యంగ్స్‌టౌన్ పక్కన బోర్డ్‌మన్‌లో పెరిగిన బెర్నీ కోసార్ క్లీవ్‌లాండ్‌కే ఆడతానన్నాడు. చదువు ముందే ముగించుకుని, మామూలు డ్రాఫ్ట్ వదిలేసి, తర్వాత జరిగే అనుబంధ డ్రాఫ్ట్‌లో పేరు ఇచ్చాడు. అందులో మొదటి వంతును బ్రౌన్స్ అప్పటికే బఫలో దగ్గర కొని పెట్టుకుంది. కోసార్ జట్టును సూపర్ బౌల్ గుమ్మం దాకా తీసుకెళ్లాడు. 1987 జనవరిలో డెన్వర్ క్వార్టర్‌బ్యాక్ జాన్ ఎల్వే చివరి నిమిషాల్లో 98 గజాలు నడిపించి ఆ గుమ్మంలోనే ఆపాడు. మరుసటి జనవరిలో మళ్లీ డెన్వరే. ఒక ఆటగాడు ఈ ఊరినే కోరుకుని రావడం అరుదు గనుక కోసార్ ఓడినా ఊరికి బిడ్డగానే మిగిలాడు.

1995 నవంబరు 6న మోడెల్ జట్టును బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించాడు. ఊరు భగ్గుమంది. కోర్టులు, బేరాలు నడిచాక పేరు, రంగులు, రికార్డులు క్లీవ్‌లాండ్‌కే మిగిలాయి. 1999కల్లా కొత్త జట్టు ఇస్తామని లీగ్ మాటిచ్చింది. ఆటగాళ్లు, డ్రాఫ్ట్ వంతులు బాల్టిమోర్ వెళ్లాయి. అక్కడే అసలు దెబ్బ తగిలింది. 1995లో క్లీవ్‌లాండ్ ఐదు గెలుపులు, 11 ఓటములతో (5–11) ముగించినందుకు వచ్చిన 1996 నాలుగో వంతుతో, బాల్టిమోర్ రేవన్స్ అని కొత్త పేరు పెట్టుకున్న ఆ జట్టు జోనథన్ ఆగ్డెన్‌ను ఎంచుకుంది. అంతకు ఏడాది ముందు క్లీవ్‌లాండ్ శాన్‌ఫ్రాన్సిస్కోతో చేసిన మార్పిడిలో వచ్చిన 26వ వంతుతో రే లూయిస్‌ను ఎంచుకుంది. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. ఆ ఎంపికలు చేసిన ఆజీ న్యూసమ్ కూడా 1978లో క్లీవ్‌లాండ్ మొదటి రౌండ్‌లో తీసుకున్న పాత బ్రౌన్స్ ఆటగాడే. 2000 సీజన్‌లో రేవన్స్ సూపర్ బౌల్ గెలిచింది. క్లీవ్‌లాండ్ ఓటమి తెచ్చిన పరిహారం బాల్టిమోర్ ఖాతాలో జమ అయింది.

కొత్త బ్రౌన్స్ 1999లో వచ్చింది, మొదటి వంతుతో. ఎంపిక కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన క్వార్టర్‌బ్యాక్ టిమ్ కౌచ్. రెండో వంతులో ఫిలడెల్ఫియాకు వెళ్లిన డోనవన్ మెక్‌నాబ్ దీర్ఘకాలం రాణించాడు. కానీ కౌచ్ వైఫల్యానికి కౌచ్‌నే తప్పుపట్టడం అన్యాయం. అతని ముందు నిలబడి కాపాడవలసిన వరస అప్పుడే కూర్చిన జట్టుది. మొదటి సీజన్‌లోనే 56 సార్లు నేలమీద పడ్డాడు. తొలి మ్యాచ్ పిట్స్‌బర్గ్ చేతిలో 0–43. సీజన్ మొత్తం మీద రెండు గెలుపులు. ఐదేళ్లకు అతని ఒళ్లు, కెరీర్ రెండూ అయిపోయాయి. ఖాళీ ఇంటికి ముందు పైకప్పు తెచ్చిన తప్పును బ్రౌన్స్ ఆ తర్వాతా చాలాసార్లు చేసింది.

2000లో మళ్లీ మొదటి వంతు. డిఫెన్స్ ఆటగాడు కోర్ట్నీ బ్రౌన్‌ను తీసుకుంటే గాయాలు అతన్ని కుదురుగా ఆడనివ్వలేదు. ఆ డ్రాఫ్ట్‌లో అభిమానులు మరిచిపోలేనిది ఆరో రౌండ్. 183వ వంతులో బ్రౌన్స్ స్పర్గన్ విన్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను ఎంచుకుంది. 16 వంతుల తర్వాత, 199వ దగ్గర, న్యూ ఇంగ్లండ్ టామ్ బ్రేడీని తీసుకుంది. బ్రేడీని వదిలేసింది క్లీవ్‌లాండ్ ఒక్కటే కాదు. ప్రతి జట్టూ ఐదు రౌండ్లపాటు వదిలేసింది. అయినా బ్రేడీకి ముందు ఎంపికైన ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లలో ఆఖరివాడు బ్రౌన్స్ మనిషి కావడం ఈ ఊరివాళ్లకు ముల్లులా గుచ్చుకుంటుంది.

2004 ఇంకా దగ్గరి గాయం. ఒహాయోలో పుట్టి, ఒహాయోలోనే మయామీ విశ్వవిద్యాలయంలో ఆడిన బెన్ రాత్లిస్‌బర్గర్ అందుబాటులో ఉన్నాడు. బ్రౌన్స్ ఒక మెట్టు పైకెక్కడానికి రెండో రౌండ్ వంతును డెట్రాయిట్‌కు అదనంగా ఇచ్చి, ఆరో వంతులో కెలెన్ విన్‌స్లో అనే, పాస్‌లు అందుకునే టైట్ ఎండ్‌ను తీసుకుంది. రాత్లిస్‌బర్గర్ 11వ వంతులో పిట్స్‌బర్గ్ వెళ్లాడు. రెండు సూపర్ బౌల్స్ గెలిచాడు, ఏటా రెండుసార్లు ఎదురుపడే బ్రౌన్స్‌ను ఎక్కువసార్లు ఓడించాడు. క్లీవ్‌లాండ్ కొత్త స్టేడియంలో బ్రౌన్స్ క్వార్టర్‌బ్యాక్‌లందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు గెలిచినవాడు చాలా ఏళ్లపాటు అతనే.

2007 డ్రాఫ్ట్ రోజు ఒకే జట్టు అదృష్టం, దురదృష్టం పక్కపక్కనే కనిపించాయి. మూడో వంతులో ఎంపికైన, క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లెఫ్ట్ టాకిల్ జో థామస్ ఆ రోజు న్యూయార్క్ వేడుకకు వెళ్లకుండా తండ్రితో కలిసి మిషిగన్ సరస్సులో పడవ మీద చేపలు పడుతున్నాడు. ఒహాయోలోనే పెరిగిన క్వార్టర్‌బ్యాక్ బ్రేడీ క్విన్ వేదిక వెనక గదిలో కెమెరాల ముందు గంటల తరబడి కూర్చున్నాడు; పేరు పిలవరే! చివరికి బ్రౌన్స్ మరుసటి ఏడాది మొదటి రౌండ్ వంతును డాలస్‌కు ఇచ్చి 22వ వంతులో అతన్ని తీసుకుంది. చేపలు పట్టినవాడు వరసగా 10,363 స్నాప్‌లు, అంటే బంతి ఆటలోకి వచ్చిన ప్రతిసారీ, ఒక్కటీ మానకుండా బరిలో నిలబడి 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. గదిలో కూర్చున్నవాడు బ్రౌన్స్ తరఫున 12 మ్యాచ్‌లు మొదలుపెట్టి మూడే గెలిచాడు. అయితే థామస్‌కూ గెలిచే జట్టు దక్కలేదు: పదకొండేళ్లలో ఒక్క ప్లేఆఫ్ (సీజన్ తర్వాతి నాకౌట్) మ్యాచ్ ఆడలేదు.

22వ సంఖ్య అక్కణ్నుంచి అపశకునమైంది. 2011లో బ్రౌన్స్ ఆరో వంతును అట్లాంటాకు ఇచ్చింది. అట్లాంటా దానితో రిసీవర్ జూలియో జోన్స్‌ను తీసుకుంది. బదులుగా ఐదు వంతులు వచ్చాయి. లెక్క ప్రకారం మంచి బేరమే. వాటిలో ఒకటి 2012లో 22వ వంతుగా తేలింది. దానితో క్వార్టర్‌బ్యాక్ బ్రాండన్ వీడెన్‌ను ఎంచుకున్నారు. అతను అప్పటికి బేస్‌బాల్‌లో కొన్నేళ్లు పిచర్‌గా గడిపి వచ్చాడు, వయసు 28. సెప్టెంబరులో మొదటి మ్యాచ్‌కు ముందు మైదానమంతా పరిచిన పెద్ద జెండా కింద చిక్కుకుని, పాకుతూ బయటపడ్డాడు. ఆ మ్యాచ్‌లో నాలుగు పాస్‌లు ప్రత్యర్థుల చేతికి చిక్కాయి. పాస్‌ల రేటింగ్ అట్టడుగున, 5.1. మరో వంతును 2012 మూడో స్థానానికి ఎక్కడానికి మిన్నెసోటాకు ఇచ్చిన వాటిలో కలిపి, రన్నింగ్ బ్యాక్ ట్రెంట్ రిచర్డ్‌సన్‌ను తెచ్చారు. ఏడాదిన్నర తిరగకముందే అతన్ని ఇండియానాపొలిస్‌కు ఇచ్చి 2014 మొదటి రౌండ్ వంతు తీసుకున్నారు. అది 26వదిగా తేలితే, దాన్ని పెట్టుబడిగా నాలుగు మెట్లు ఎక్కారు. ఎక్కి చేరింది ఎక్కడికి? 22కే. ఎంపిక జానీ మాంజీల్.

మాంజీల్ టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆడిన మొదటి సీజన్‌లోనే హైస్‌మన్ గెలిచిన సంచలనం. డ్రాఫ్ట్ సమయంలో వీధిలో ఒక నిరాశ్రయుడు కూడా తనను చూసి మాంజీల్‌ను తీసుకోమన్నాడని జట్టు యజమాని జిమ్మీ హాస్లమ్ చెప్పుకొచ్చారు. తర్వాత ఏళ్ల తరబడి ఆ మాటను ఊరు ఎత్తిపొడిచింది. డిసెంబరులో మాంజీల్ మొదటి మ్యాచ్ మొదలుపెడితే సిన్సినాటి చేతిలో 0–30. రెండు సీజన్లలో మొదలుపెట్టిన ఎనిమిది మ్యాచ్‌ల్లో రెండు గెలుపులు. మైదానం బయటి గొడవలు సరేసరి. 2016 మార్చిలో వదిలేశారు. జూలియో జోన్స్ వంతుతో మొదలైన గొలుసు ఇలా వీడెన్, రిచర్డ్‌సన్, మాంజీల్ మీదుగా సున్నాకు చేరింది.

ఈ ఎంపికలను వరసపెట్టి చూస్తే దురదృష్టం అనే మాట సగమే సరిపోతుంది. 1999 నుంచి కోచ్‌లు, మేనేజర్లు రెండు మూడేళ్లకోసారి మారుతూ వచ్చారు. 2013లో రాబ్ చుడ్జిన్‌స్కీ ఒక్క సీజన్‌కే పోయాడు. ఒక మేనేజర్ ఎంచుకున్న క్వార్టర్‌బ్యాక్‌ను తర్వాతివాడు తన మనిషిగా చూడడు. కొత్త కోచ్, కొత్త ఆటతీరు, కొత్త ఎంపిక. కుర్రాడు కుదురుకునే లోపు కాళ్ల కింద నేల కదిలిపోతుంది. పిట్స్‌బర్గ్‌కు 1969 నుంచి 2025 సీజన్ దాకా ముగ్గురే ప్రధాన కోచ్‌లు. రాత్లిస్‌బర్గర్ క్లీవ్‌లాండ్‌కే వచ్చి ఉంటే ఏమయ్యేవాడో అన్న ప్రశ్నను అభిమానులు అంతగా వేసుకోరు. వేసుకుంటే పాత బాధ కొంత తగ్గుతుంది, కొత్త బాధ మొదలవుతుంది.

పరిశోధకులు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ డ్రాఫ్ట్ ఎంపికల మీద చేసిన అధ్యయనం మరో వైపు చూపించింది. జట్లు ముందు వంతులకు ఉండవలసిన దానికంటే ఎక్కువ విలువ కడతాయనీ, ఒక పెద్ద వంతును ఇచ్చి పలు చిన్న వంతులు తీసుకున్నవాళ్లే సగటున లాభపడతారనీ వాళ్ల లెక్క. ఎవరు రాణిస్తారో ముందే పసిగట్టగలమన్న అతివిశ్వాసమే ఇందుకు మూలం. 2016లో బ్రౌన్స్ ఈ దారినే పట్టింది. లాయరుగా పనిచేసి వచ్చిన సాషీ బ్రౌన్‌కు పగ్గాలు అప్పగించి, బేస్‌బాల్‌లో గణాంకాలతో పేరు తెచ్చుకున్న పాల్ డిపొడెస్టాను తోడు చేర్చింది. రెండో వంతును ఫిలడెల్ఫియాకు ఇస్తే వాళ్లు క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్‌ను తీసుకున్నారు. 2017లో పన్నెండో వంతును హ్యూస్టన్‌కు ఇస్తే వాళ్లు డిషాన్ వాట్సన్‌ను తీసుకున్నారు. బ్రౌన్స్ చేతికి వంతులు కుప్పలుగా వచ్చాయి. గెలుపులే రాలేదు: 2016లో 1–15, 2017లో 0–16. ఊరుకున్నవాళ్లు ఊరుకోగా, 2018 జనవరి 6న వేల మంది అభిమానులు గడ్డకట్టే చలిలో స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో ఊరేగింపు తీశారు. లీగ్ చరిత్రలో 0–16 అంతకుముందు డెట్రాయిట్‌కు మాత్రమే, 2008లో జరిగింది.

వెంట్జ్ విషయం అభిమానుల తీర్పులకు మంచి పాఠం. 2017లో అతను లీగ్‌లో మేటిగా ఆడుతుంటే క్లీవ్‌లాండ్ తల బాదుకుంది. ఆ సీజన్ చివర్లో గాయపడ్డాడు. తర్వాతి ఏళ్లలో జట్లు మారుతూ వెనకబడ్డాడు. ఇప్పుడు చూస్తే ఆ మార్పిడి అంత పెద్ద నేరంలా కనిపించదు. డ్రాఫ్ట్ ఎంపికకు మార్కులు ఏ ఏడాది వేస్తామన్నదాన్ని బట్టి మారుతుంటాయి.

సాషీ బ్రౌన్‌ను 2017 డిసెంబరులో పంపేశారు. అతను కూడబెట్టిన వంతుల ఫలం తర్వాత వచ్చిన జాన్ డోర్సీకి దక్కింది. 2018లో మొదటి వంతులో క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్, హ్యూస్టన్ ఇచ్చిన నాలుగో వంతులో డెంజెల్ వార్డ్, రెండో రౌండ్‌లో నిక్ చబ్. అంతకు ముందు ఏడాది మొదటి వంతులో వచ్చిన మైల్స్ గారెట్ అప్పటికే ఉన్నాడు. ఆ ఏడాది వేసవిలో ఒక బీరు కంపెనీ నగరంలోని బార్లలో తాళం వేసిన ఫ్రిజ్‌లు పెట్టింది. బ్రౌన్స్ గెలిచిన క్షణాన అవి వాటంతట అవే తెరుచుకోవాలి. సెప్టెంబరు 20న న్యూయార్క్ జెట్స్‌తో ఆటలో మధ్యలో బరిలోకి దిగిన మేఫీల్డ్ 21–17తో గెలిపించాడు. 635 రోజుల తర్వాత మొదటి గెలుపు. ఫ్రిజ్‌లు తెరుచుకున్నాయి. 2021 జనవరిలో, కోచ్ కెవిన్ స్టెఫాన్‌స్కీ కోవిడ్‌తో ఇంట్లో ఉండగా, పిట్స్‌బర్గ్‌ను పిట్స్‌బర్గ్‌లోనే 48–37తో ఓడించి 26 ఏళ్ల తర్వాత ప్లేఆఫ్ మ్యాచ్ గెలిచారు. ఆ ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ వేడుకే క్లీవ్‌లాండ్ సరస్సు ఒడ్డుకు వచ్చింది. కొంతకాలం ఊరికి నిద్ర పట్టింది.

తర్వాతి సీజన్ మేఫీల్డ్ భుజం గాయంతోనే ఆడి తడబడ్డాడు. యాజమాన్యం ఓపిక పట్టలేదు. 2022 మార్చిలో హ్యూస్టన్ నుంచి డిషాన్ వాట్సన్‌ను తెచ్చింది. ఐదేళ్ల ముందు పన్నెండో వంతులో తీసుకోకుండా వదిలేసిన అదే వాట్సన్. ఇచ్చింది మూడేళ్ల మొదటి రౌండ్ వంతులు, వాటి మీద మరికొన్ని. ఒప్పందం ఐదేళ్లకు 23 కోట్ల డాలర్లు, మొత్తం హామీతో. అప్పటికి 20 మందికి పైగా మహిళలు అతని మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపిస్తూ సివిల్ దావాలు వేసి ఉన్నారు. అతను ఖండించాడు, క్రిమినల్ అభియోగాలు నమోదు కాలేదు. లీగ్ మాత్రం 11 మ్యాచ్‌ల నిషేధం, 50 లక్షల డాలర్ల జరిమానా విధించింది. ఎన్నో ఓటములను భరించిన అభిమానుల్లో కొందరు ఈ ఒప్పందంతోనే సీజన్ టికెట్లు వదులుకున్నారు. మిగిలినవాళ్లకు ఆటలోనైనా ఊరట దొరకలేదు. నిషేధం, భుజం గాయం, మడమ స్నాయువు గాయం కలిసి మూడు సీజన్లలో వాట్సన్ ఆడింది 19 మ్యాచ్‌లే.

హ్యూస్టన్ ఆ వంతుల్లో ఒకదాన్ని కలిపి మూడో స్థానానికి ఎక్కి 2023లో విల్ ఆండర్సన్‌ను తీసుకుంది. 2024 జనవరిలో ప్లేఆఫ్‌లో ఎదురుపడ్డప్పుడు ఆ హ్యూస్టనే 45–14తో బ్రౌన్స్‌ను ఇంటికి పంపింది. బ్రౌన్స్ వదిలేసిన మేఫీల్డ్ టాంపా బేలో 2023, 2024 రెండేళ్లూ తన డివిజన్‌లో జట్టును మొదటి స్థానంలో నిలిపాడు. 2000ల నాటి అభిమాని ఎదుటివాళ్ల ఎంపికలను చూసి కుమిలేవాడు. ఇప్పుడు తమ జట్టు సరిగ్గా ఎంచుకున్నవాణ్ని కూడా నిలుపుకోలేదన్న బాధ తోడైంది.

క్లీవ్‌లాండ్‌లో ఈ చరిత్రంతా ఒక చొక్కా మీద రాసి ఉండేది. టిమ్ కౌచ్ పేరున్న పాత జెర్సీ వీపు మీద, కౌచ్ తర్వాత ఆట మొదలుపెట్టిన ప్రతి క్వార్టర్‌బ్యాక్ పేరూ ఒక పట్టీ మీద రాసి కిందికి అతికిస్తూ పోయారు. నగరంలో ఒక కిటికీ అద్దం వెనక వేలాడిన ఆ జెర్సీ దేశమంతా ఫొటోల్లో తిరిగింది. పేర్లు నడుము దాటి కిందికి జారాయి. ఆ లెక్కన 1999 నుంచి 2025 దాకా బ్రౌన్స్ తరఫున మ్యాచ్ మొదలుపెట్టిన క్వార్టర్‌బ్యాక్‌లు నలభై మందికి పైనే.

2024లో 3–14తో ముగించాక 2025లో రెండో వంతు వచ్చింది. బ్రౌన్స్ దాన్ని జాక్సన్‌విల్‌కు ఇచ్చింది. వాళ్లు ఆ ఏటి సంచలనం, రెండు వైపులా ఆడగల ట్రావిస్ హంటర్‌ను తీసుకున్నారు. బదులుగా ఐదో వంతుతోపాటు మరికొన్ని, 2026 మొదటి రౌండ్ వంతు వచ్చాయి. ఐదో వంతులో డిఫెన్స్ ఆటగాడు మేసన్ గ్రాహంను ఎంచుకున్నారు. మూడో రౌండ్‌లో క్వార్టర్‌బ్యాక్ డిల్లన్ గేబ్రియల్. మొదటి రౌండ్‌లోనే పోతాడని చాలామంది అంచనా వేసిన షెడ్యూర్ శాండర్స్ రౌండ్ తర్వాత రౌండ్ జారుతూ వస్తుంటే, 144వ వంతులో అతన్నీ బ్రౌన్సే తీసుకుంది. ఒకే డ్రాఫ్ట్‌లో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు: అభిమానికి ఉన్న అనుమానం ఎంపిక చేసేవాళ్లకూ ఉందని ఇంతకంటే స్పష్టంగా బయటపడిన సందర్భం లేదు. ఆ సీజన్ ముగియకముందే ఇద్దరూ మ్యాచ్‌లు మొదలుపెట్టారు.